తెల్ల గోళం పగిలిన చోటు

పరిశోధనశాలలో ఆమెను ఎదురుగా "మేడమ్" అనేవారు, చాటున "జడ ఇంజనీరు" అనేవారు. జడ నడుము దాటి ఉండటమే అందుకు కారణం. రెండో పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడినా ఆమె దాన్ని పట్టించుకోలేదు, జడా కత్తిరించుకోలేదు. పొడిని అచ్చులో నొక్కే ప్రెస్ గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని చుట్టచుట్టి టోపీలోకి తోసి, అద్దంలో చూసుకుని, ఆ తర్వాతే తలుపు తీసేది.

ఆ గదిలో తయారయ్యేవి తెల్లటి గోళాలు. అరిగిపోయిన తుంటి కీలు తీసేసి, ఆ స్థానంలో అమర్చేందుకు పనికొచ్చే పింగాణీ గోళాలు. జిర్కోనియా అనే సన్నటి పింగాణీ పొడిని ఉక్కు అచ్చులో పోసి నొక్కి, కొలిమిలో కాల్చి, నునుపు పెడతారు. ఆ పొడిలో ఏవి ఎంత పాళ్ళలో కలపాలో తేల్చడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది. ఉక్కులో చిన్న లోపం ఉన్నా అది కాస్త వంగి సర్దుకుంటుంది. పింగాణీకి సర్దుకుపోవడం తెలియదు. లోపల ఎక్కడ లోపం ఉంటే అక్కడే పగులు మొదలుపెట్టి ఒక్కసారిగా ముక్కలవుతుంది.

మొదటి విడత గోళాలు అడిగిన దానికంటే ఎక్కువ బరువు మోశాయి. రెండో విడతలో రెండు మాత్రం సగం బరువుకే భళ్ళుమన్నాయి.

సంచాలకుడు ఆమెను పిలిపించి, భూతద్దం కింద ఒక ముక్క పెట్టాడు. పగిలిన ముఖం మీద సన్నటి గీతలాంటి ఖాళీ కనబడుతోంది. పొడిలో ఏదో పడి, కొలిమిలో కాలిపోయి, తన ఆకారంలోనే చోటు వదిలి వెళ్ళింది.

"సన్నగా పొడుగ్గా ఉంది. వెంట్రుక కాక ఇంకేమవుతుందమ్మా?"

"టోపీ లేకుండా నేను ఆ గడప తొక్కలేదు సర్."

"టోపీలో పట్టే జుట్టయితే సరే." ఆయనకు నెత్తిన ఒక్క వెంట్రుకా లేదు కనుక, ఈ విషయంలో ఆయన నిర్భయంగా మాట్లాడగలిగాడు. "ఎల్లుండి సమావేశంలో వెంట్రుకేనని తేలితే ప్రెస్ గదిని ఇంకొకరికి అప్పగిస్తాను. పొడి పని కూడా వాళ్ళకే. ఏమీ తేలకపోతే పొడిలోనే లోపం అనుకోవాల్సొస్తుంది."

"ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే తేలిపోతుంది సర్. నాది కాదని నాకు తెలుసు."

"దాన్ని నడిపేది మీ ఆడపడుచే కదా. ఆ సాక్ష్యం చెల్లుతుందా?"

ముక్కలు తెచ్చిన ప్రెస్ బాబాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. యంత్రం నడిపే ఆయన్ను అందరూ బాబాయి అనే పిలుస్తారు. "ఆడపడుచు వదినను వెనకేసుకురావడం ఎక్కడన్నా విన్నారా సార్? అంతకన్నా పక్షపాతం లేని సాక్షి మీకు దొరకదు" అన్నాడు.

సంచాలకుడు నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మైక్రోస్కోపు గదిలో ఆడపడుచు చేతికి తొడుగు వేసుకుంటూనే అందుకుంది. "వదినా, ముందే చెప్తున్నా. నీదైతే నీదనే రాస్తా. ఆ తర్వాత అన్నయ్యతో చెప్పించకు."

"మీ అన్నయ్య చెప్తే వినే అలవాటు నీకెప్పుడుంది?"

"అది గుర్తుపెట్టుకో." ఆమె ముక్కను మైక్రోస్కోపు అరలో బిగించి, గాలి తోడేసి, బొమ్మను తెరమీదికి తెచ్చింది.

పగిలిన పింగాణీని చదవడం ఒక క్రమంలో జరగాలి. పగులు వేగం అందుకున్న చోట గీతలు విసనకర్రలా విచ్చుకుంటాయి. వాటిని వెనక్కి అనుసరిస్తూ పోతే అద్దంలా నున్నటి చిన్న వలయం వస్తుంది. ఆ వలయం నడుమ ఉన్నదే అసలు దోషి. ఇద్దరూ గీతల వెంట ప్రయాణించి ఆ ఖాళీ దగ్గర ఆగారు.

వెంట్రుక పడి ఉంటే ఆ ఖాళీ గుండ్రటి గొట్టంలా ఉండాలి. ఇది బల్లపరుపుగా, తడి పిండి వదిలేసిన రిబ్బనులా మెలికలు తిరిగి ఉంది. పైగా అలాంటివి మూడు నాలుగు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. కొలిమిలో గోళం అయిదో వంతు కుదించుకుపోతుంది. ఆ లెక్క కలిపి చూసినా ఒక్కొక్కటి వెంట్రుక మందంలో సగమైనా లేదు.

"నూలు పీచు" అంది ఆడపడుచు.

"నూలు పీచే." వదిన కుర్చీలో వెనక్కి వాలింది. "జడ బతికింది."

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ గదిలో వేసుకునే కోట్లు పాలియెస్టరువి, తొడుగులు రబ్బరువి. మరి నూలు ఎక్కడిది? ప్రశ్న పూర్తయ్యేలోగానే జవాబు వచ్చేసింది. అచ్చు తుడవడానికి శాల ఇచ్చే కాగితం గరుకుగా ఉండి, అద్దంలా మెరిసే ఉక్కు మీద గీతలు పెడుతోందని, రెండో విడత మొదలయ్యే ముందు వదినే ఇంట్లో ఉన్న పాత నూలు దుప్పటి ముక్కలు చేసి తెచ్చింది. ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి మరీ తెచ్చింది. అరిగిన బట్టకు మెత్తదనం పీచు వదులవడం వల్లే వస్తుంది. వదులైన పీచు అచ్చు అంచున చిక్కుకుంది, దాని మీద పొడి పడింది, కొలిమి పీచును తినేసి ఖాళీని మిగిల్చింది. శుభ్రం కోసం పడిన తాపత్రయమే మురికిని మోసుకొచ్చింది.

ఆడపడుచు చెయ్యి మీటల మీద ఆగిపోయింది. "ఆ దుప్పటి చింపిచ్చింది నేనే కదా వదినా."

"చింపమన్నది నేను."

ఆడపడుచు వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇలా చేద్దాం" అంది ఆడపడుచు గొంతు తగ్గించి. "నూలు పీచు అని రాస్తా. అది అబద్ధం కాదు. ఎక్కణ్ణించి వచ్చిందో కనిపెట్టడం నా పని కాదు. నీ జుట్టు కాదని తేలింది, చాలు."

"చాలదు. ఎక్కణ్ణించో చెప్పకపోతే బాబాయి రేపు కూడా ఆ గుడ్డతోనే తుడుస్తాడు. మూడో విడతా పగులుతుంది. అప్పుడు పొడినే అంటారు. గుడ్డను కాపాడబోతే పొడి పోతుంది."

"చెప్తే నువ్వు పోతావు."

"చూద్దాం. ముందు రెండో గోళం ముక్క పెట్టు. మొదటి విడతవి కూడా తీయి."

రెండో గోళంలోనూ అదే మెలిక. దుప్పటి రాకముందు చేసిన మొదటి విడతలో, ఎంతో బరువు మోసి పగిలిన వాటిలో కూడా, ఎక్కడా పీచు జాడ లేదు. ఇక అనుమానానికి తావు లేదు.

సమావేశంలో ఆమె బొమ్మలన్నీ వరసగా చూపించి, చివర దుప్పటి సంగతి తానే చెప్పింది.

"దుప్పటా?" సంచాలకుడు ముందుకు వంగాడు. "పరిశోధనశాలలో దుప్పటేమిటమ్మా?"

"మెత్తగా ఉండేది సార్" అన్నాడు బాబాయి, చనిపోయిన స్నేహితుణ్ణి తలుచుకున్నట్టు.

"అంటే తప్పు మీదే."

"తప్పు నాది సర్, పొడిది కాదు. మీరు రెండో మాట కూడా రాసుకోవాలి." ఆమె గొంతు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. "అదే పొడితో, పీచు రాలని తుడుపుగుడ్డతో మూడో విడత నేనే నొక్కుతాను. అన్నిటినీ మీ ముందే పగలగొడదాం. ఒక్కటి అడిగిన బరువు గీతకు కింద పగిలినా గది మీరు ఎవరికైనా ఇవ్వండి."

"ఒక్కటి కూడానా? అంత పంతం ఎందుకు? సగటు చూద్దాం."

"సగటు వద్దు సర్. రోగి తుంటిలో సగటు గోళాన్ని పెట్టరు, ఏదో ఒక గోళాన్ని పెడతారు."

ఆయన రెండో మాట కూడా రాసుకుని, "కానివ్వండి" అన్నాడు.

పరీక్ష రోజున మందపాటి గాజు కవచం వెనుక బాబాయి ఒక్కో గోళాన్ని ఉక్కు మొన మీద కూర్చోబెట్టాడు. తెర మీద బరువు పెరుగుతూ ఎర్ర గీత దాటింది. ఇంకా పెరిగింది. చివరికి భళ్ళుమన్నప్పుడు తెలిసి కూడా సంచాలకుడు ఉలిక్కిపడ్డాడు. రెండోదీ దాటింది, మూడోదీ దాటింది. సగం అయ్యేసరికి ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "ఇక నమ్మకం కుదిరింది, ఆపుదామా?" అన్నాడు.

"అన్నీ అనుకున్నాం సర్" అందామె.

చివరిది గీత దాటీ దాటగానే తడబడింది. బరువు చూపే అంకె ఒక క్షణం ఆగి, మళ్ళీ ఎక్కి, ఇంకొంత ఎక్కి, అప్పుడు పగిలింది. మిగతావాటి కంటే తక్కువే, కాని గీతకు పైనే. బాబాయి యంత్రం ఆపేశాడు.

"గది మీదే, పొడీ మీదే" అన్నాడు సంచాలకుడు లేచి నిలబడుతూ. "నాలుగో విడత ఎప్పుడు మొదలుపెడతారు?"

"ఈ ముక్కలు చూశాక."

ఆమె అప్పటికే కవచం తెరిచి, చివరి గోళం ముక్కలను పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరుతోంది. పగిలిన ముఖాలు ఒకదానికొకటి తగలకుండా విడివిడి డబ్బాల్లో పెట్టి, ఫోను తీసింది.

"గెలిచావటగా. ఇంకేం కావాలి?" అంది అవతలి నుంచి ఆడపడుచు.

"మైక్రోస్కోపు ఖాళీయేనా? ఒకటి మిగతావాటి కంటే ముందే పగిలింది. ఎందుకో చూడాలి."

"గీత దాటిందిగా వదినా, వదిలెయ్యరాదూ?"

"వస్తున్నా" అని ఆమె డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుంటూ బయటికి నడిచింది.