జీవమణి రౌటర్ కొమ్ములు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో ఉండే జీవమణి పొద్దున్నే లేచి ముందు చేసే పని రౌటర్ తుడవడం. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. తడిగుడ్డ వాడొద్దని భర్త సాలమన్ చెప్పాడు గనక, పాత నూలుచీర ముక్కతో యాంటెన్నాలను ఒక్కొక్కటే మెల్లగా తుడిచేది. వాటిని ఆ ఇంట్లో కొమ్ములంటారు.

కొన్నప్పుడు రెండే కొమ్ములు. పాస్‌వర్డ్ ఎవరికి చెప్తే వాళ్లకోసం ఇంకోటి మొలిచేది. కింద ఇస్త్రీ చేసే సూర్యనారాయణకి ఒకటి, పైవాటాలో కాలేజీ పిల్ల షెర్లిన్‌కి ఒకటి. నెట్ కంపెనీ నుంచి వచ్చే ప్రవీణ్ "నాలుగైనయా ఆంటీ" అని లెక్కపెట్టుకుని, దుమ్ము ఊది పోయేవాడు.

ఎదురుగా ఉన్న ఆడపిల్లల హాస్టల్ విజయేందర్‌ది. జీవమణి అద్దెకుండే ఇల్లూ అతనిదే. మూడు వారాలుగా బాత్రూముల్లో నీళ్లు రావడం లేదని హాస్టల్లో పదిమంది అమ్మాయిలు సంతకాలు చేసి కాగితం ఇచ్చారు. ఆ సాయంత్రమే అతను వాళ్ల అంతస్తుకి వైఫై తీసేశాడు. ఆ గదుల్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. మొదటి సంతకం చేసిన నవీన సందు దాటి జీవమణి దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, గురువారం నాకు ఇంటర్వ్యూ ఉన్నది. వీడియోలనే. ఇది సుత పోతే మా నాయన నన్ను జగిత్యాలకు తీస్కపోతడు."

"ఒక్కదానికేనా, అందరికీ బంద్ చేసిండా?"

"పదిమందికి."

"అయితే అందరిని పిలువు. చెవుల చెప్త."

చెప్పింది. పది కొమ్ములు మొలిచాయి. పదీ హాస్టల్ వైపు కిటికీకే వంగి ఉన్నాయి. తుడవడానికి ఇప్పుడు పావుగంట పట్టేది.

విజయేందర్‌కి సంగతి తెలియడానికి రెండు రోజులు పట్టింది. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"జీవమణక్కా, నా హాస్టల్ల డిసిప్లిన్ నేను చూస్కుంట. నువ్వు నెట్ బంద్ చెయ్."

"నీ నెట్ నువ్వు బంద్ చేస్కున్నవ్. ఇది నాది."

"ఇల్లు నాది."

"గోడలు నీవే, ఎవరు కాదన్నరు? గోడల నుంచి అవతలికి పోయేది నాది."

"జర మెల్లగ మాట్లాడు" అన్నాడు సాలమన్ లోపలి నుంచి, భయంగా. ఆమె గొంతు ఏమీ తగ్గించలేదు.

గురువారం పదకొండింటికి నవీన గది తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తోటి అమ్మాయిలు వరండాలో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇరవై నిమిషాలు బాగానే జరిగింది. అప్పుడు విజయేందర్ హాస్టల్ డాబా ఎక్కి, దాని మీదుగా జీవమణి ఇంటికి వచ్చే సన్నటి నెట్ తీగను కటింగ్ ప్లేయర్‌తో తుంచేశాడు.

రౌటర్ మీద ఎర్రదీపం వెలిగింది. పద్నాలుగు కొమ్ములూ ఒక్కసారే వాలిపోయాయి.

"ఆంటీ! పోయిందాంటీ!" వరండాలోంచి అరుపులు.

జీవమణి బాల్కనీలోకి వచ్చింది. డాబా మీద విజయేందర్, చేతిలో కటింగ్ ప్లేయర్. దాచుకోనైనా లేదు. ముప్ఫై ఏళ్లు వార్డుల్లో గొంతు లేపకుండా పనిచేసిన మనిషి, గ్రిల్ రెండు చేతులా పట్టుకుని కేక పెట్టింది.

"వినుండ్రి! నా నెట్ పాస్‌వర్డ్ చింతచిగురు ఇరవై ఏడు! ఎవరికి కావాల్నో వాళ్లు పెట్టుకోండ్రి! చింతచిగురు, ఇరవై ఏడు!"

సందంతా ఆగింది. షేర్ ఆటో కోసం నిలబడ్డవాళ్లు, కోచింగ్ సెంటర్ మెట్ల మీద చాయ్ తాగేవాళ్లు, మిర్చిబజ్జీల బండి వనిత, అందరూ ఫోన్లు తీశారు. ఇంట్లో చిటపటమని చప్పుడు. రౌటర్ నిండా కొమ్ములు పొడుచుకొచ్చాయి. ఇరవై, యాభై, వంద. కిటికీ ఊచల్లోంచి బయటికి సాగి, సందు దాటి, హాస్టల్ గోడకి ఆనుకున్నాయి. సాలమన్ కుర్చీ పక్కకి జరుపుకుని వాటికి దారి ఇచ్చాడు. తెగిన తీగ గాలికి ఊగుతూనే ఉంది. ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది.

నవీన ల్యాప్‌టాప్ తెర మీద బిగుసుకుపోయిన ముఖం కదిలింది. "ఇప్పుడు వినపడుతోంది, చెప్పండి" అన్నారు అవతలి నుంచి. ఆమె మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంది.

మర్నాడు మధ్యాహ్నం విజయేందర్ వచ్చాడు. కొమ్ముల కింద నుంచి వంగి దూరితే తప్ప హాల్లోకి రాలేకపోయాడు.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్."

"అగ్రిమెంటు మార్చి దాకా ఉన్నది. ఏప్రిల్ల మాట్లాడుదం."

అతని జేబులో ఫోన్ టింగుమంది. వెంటనే ఇంకోసారి.

"నిన్న నువ్వు సుత విన్నవ్ గద" అంది జీవమణి. "గా గ్రిల్ పక్కన పొట్టి కొమ్ము నీదే."

"నాకొద్దు. పీకెయ్."

"ఇచ్చింది వాపస్ తీస్కోను. నువ్వైనా సరే."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. నవీన, ఆమె వెనక తొమ్మిదిమంది. నవీన చెంపలు తడిగా ఉన్నాయి.

"వచ్చిందాంటీ! సోమవారం జాయినవ్వమన్నరు."

జీవమణి ఆమె తల దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. విజయేందర్ గొంతు సవరించుకున్నాడు.

"మంచిది. ఇంక రూం ఖాళీ చేస్తవ్ గద. బేగంపేట దిక్కు మంచి హాస్టళ్లున్నయి."

నవీన కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"చెయ్య సార్. ఇంకో ఏడాది ఈడనే ఉంట. బాత్రూంల నీళ్లు ఎప్పుడొస్తయో చెప్పుండ్రి."

తొమ్మిదిమందీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. జీవమణి ఒక కుర్చీ లాగి విజయేందర్ ముందు వేసింది.

"కూసొని చెప్పు" అంది.