ఊకొట్టిన మనిషి

లాబ్ డిష్‌లలో పెంచే కణాలకి పస్తు పెట్టి, అత్తగారికి వడ్డించడానికి పరుగున ఇంటికొచ్చింది ఆమె. లాబ్‌కీ క్వార్టర్స్‌కీ మధ్య ఒక్క గోడే.

"ఆ డిష్‌లకి వేళకి అన్నీ అమరుస్తావు. నాకు మాత్రం చల్లారిపోయాకే," అంది అత్తగారు. భర్త అప్పటికే ఫోన్లో చెప్పేశాడు. "ముందు అమ్మ సంగతి చూడు. డైరెక్టర్‌కి ప్రయోగం నేను చూపిస్తాలే. పద్ధతి నాదేగా!"

కాగితాల మీద ఆయనదే. ఆ మెరిసే చక్కెరని తయారుచేసింది మాత్రం ఆమె. చక్కెర అణువుకి రంగు తగిలిస్తే, బతికున్న కణం దాన్ని తిండే అనుకుని మింగుతుంది. ఎంత మింగితే మైక్రోస్కోపు కింద అంత ఆకుపచ్చగా వెలుగుతుంది. పేరు పోయినా ఆమె సర్దుకుంది. నా పని అర్థం చేసుకునే మనిషి పక్కనున్నాడు, అంతకన్నా ఏం కావాలి అనుకుంది. గిన్నెలు తోముతూ, పక్క దులుపుతూ ఎన్నిసార్లు చెప్పిందో! "ముందు పస్తు పెట్టాలండీ. కడుపు నిండిన కణం మన చక్కెర వంక కన్నెత్తి చూడదు." ఆయన ఊకొట్టేవాడు. ఆ ఊఁ మీదే కాపురం నిలబెట్టుకుంది.

లాబ్‌కి తిరిగొచ్చేసరికి మైక్రోస్కోపు తెర నల్లగా ఉంది. డైరెక్టర్ మొహం చిట్లించుకుని నిలబడ్డాడు.

"మా ఆవిడ ఏదో తప్పుగా కలిపుంటుంది సార్. ఇంటి ధ్యాస!" నవ్వాడు ఆయన.

ఆమె చూపు బల్ల మీద సీసాపై పడింది. గులాబీ రంగు ద్రవం. కణాలకి రోజూ పోసే తిండి, నిండా మామూలు చక్కెర. తను వెళ్ళేటప్పుడు అది ఫ్రిజ్‌లో ఉంది.

"ఇది పోశారా?" మెల్లగా అడిగింది.

"పొద్దుట్నుంచీ ఏం తిన్నాయో ఏమో అని కాస్త పోసి, ఆ తర్వాతే నీ రంగు చక్కెర వేశా. కడుపు నిండితేనేగా ఉషారుగా ఉంటాయి?"

లోపల ఏదో పుటుక్కున తెగింది. పేరు తీసుకున్నందుకు కాదు. ఇన్నేళ్ళలో ఒక్క మాటా వినలేదు.

"ఇంకో డిష్ ఉంచే ఉంటావుగా. నా పరువు కాపాడు," చెవిలో గొణిగాడు.

ఉంది. ఆయన కోసం ఏదో ఒకటి తీసి ఉంచడం ఆమెకి అలవాటే. పస్తు మీదున్న ఆ డిష్‌లో మెరిసే చక్కెర వేసింది, కాసేపాగి కడిగింది, మైక్రోస్కోపు కింద పెట్టింది. తెరంతా ఆకుపచ్చ.

"శభాష్!" డైరెక్టర్ ఆయన వైపు తిరిగాడు. "మరి ఇందాక ఎందుకు వెలగలేదయ్యా?"

జవాబు అందిస్తుందని ఆయన అలవాటుగా ఆమె వంక చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పండి," అంది. "ఈసారి నేను ఊకొడతాను."