పప్పు తిన్న నేరానికి

మా అమ్మ సూరమ్మ లెక్కలో చీము పట్టించేవి మూడు: పప్పు, గుడ్డు, వంకాయ. ఆవిడ ఏ కాలేజీలో చదివిందో తెలీదు గానీ, నా కాలికి దెబ్బ తగిలిన రోజు నుంచీ మా ఇంటికి ఆవిడే పెద్ద డాక్టరు.

రెండేళ్ల కిందట రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లోడు చేస్తుంటే లారీ వెనక తలుపు ఊడి నా ఎడమకాలి మీద పడింది. ఎముక విరిగింది. రాడ్డు వేశారు. అతుక్కుంటుందనుకుంటే లోపల చీము పట్టింది. మూడు ఆపరేషన్లు, లెక్కలేనన్ని ఇంజెక్షన్లు. పథ్యం పేరుతో బీరకాయ కూర, మిరియాల చారు తిని తిని నేను బక్కచిక్కిపోయాను.

నాలుగోసారి రాజమండ్రిలో పల్లంరాజు గారనే డాక్టరు చూశారు.

"మాత్ర మింగితే మందు రక్తంలో తిరుగుతుందయ్యా చిట్టియ్యా. చచ్చిన ఎముకలోకి రక్తమే వెళ్లదు, మందేం వెళ్తుంది? అందుకని మందునే తీసుకెళ్లి అక్కడ పెడతాను," అన్నారు.

పిండికట్టుకి వాడే తెల్లపిండి లాంటిదే, బాగా శుద్ధి చేసింది, యాంటీబయాటిక్ పొడితో కలిపి శనగగింజలంత గుళికలు చేశారు. కుళ్లిన ఎముక గీకేసి ఆ గుంటలో నింపారు. అవి కరుగుతూ మందు వదులుతాయట, వాటి చోట్లో కొత్త ఎముక పెరుగుతుందట. ఇదీ పనిచేయకపోతే మోకాలి కింద తీసేయడం తప్ప దారి లేదని కూడా చెప్పారు.

నెల రోజులు పుండు పొడిగా ఉంది. ఒక మధ్యాహ్నం అమ్మ ఊళ్లోకి వెళ్లింది. నా భార్య రామతులసి కూడా ఎక్కడికో వెళ్లింది. వంటింట్లోంచి ముద్దపప్పు వాసన. నేనూ మనిషినే కదా! కర్ర ఊతంతో వెళ్లి, ఆవకాయ, నెయ్యి వేసుకుని కడుపునిండా తిన్నాను. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున చూస్తే కట్టు తడిసిపోయింది. తెల్లటి నీరు కారుతోంది. నాలుక కోసం కాలు పోగొట్టుకున్నావు కదరా వెధవా, అని నన్ను నేనే తిట్టుకున్నాను. మూడు రోజులు గుడ్డలు నేనే మార్చుకుని మంచం కింద దాచాను. నాలుగో రోజు రామతులసి దుప్పటి లాగి చూసేసింది. దాని మొహం పాలిపోయింది. నన్ను బస్సెక్కించింది.

డాక్టరు గారు కట్టు మీద చెయ్యి వేయకముందే నేను బయటపడిపోయాను.

"పప్పు తిన్నానండి. తప్పయిపోయిందండి."

"ఆయన తప్పు కాదండి!" రామతులసి ఏడుపు అందుకుంది. "నేనే కావాలని వండి, మూత తీసిపెట్టి, సందు చివర కాపలా నిలబడ్డానండి. మా అత్తగారికి తెలిస్తే చంపేస్తుంది. ఈయన్ని ఆ ఎముకలగూడులా చూడలేకపోయానండి. నా చేతులారా కాలు తీయించేశానండి."

గుడ్డలు దాచే గొడవలో మూడు రోజులుగా దీని మొహం నేను సరిగ్గా చూడనేలేదు.

డాక్టరు గారు పుండు నొక్కి చూశారు, వాసన చూశారు, ఆ నీరు ల్యాబ్‌కి పంపి, ఎక్స్‌రే తీయించారు. రెండు రోజులు అక్కడే ఉంచారు. ఆ రెండు రోజులూ మేమిద్దరం అన్నం కెలికి వదిలేశాం.

మూడో రోజు ఆయన ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు.

"చీము కాదు. గుళికలు కరిగి నీరుగా వస్తున్నాయి. కొందరికి అలా కారుతుంది. ముందే చెప్పకపోవడం నా తప్పయ్యా. ల్యాబ్‌లో ఒక్క క్రిమి కూడా దొరకలేదు. గుంట అంచున ఇదిగో, పొగలా ఉంది చూడు, అది నీ కొత్త ఎముక. దానికి బలం కావాలి. పప్పు, గుడ్డు, చేప, అన్నీ తిను. మీ అమ్మతో నేను మాట్లాడతాను."

"అంటే కాలు ఉంటుందాండీ?" అంది రామతులసి.

"ఇలాగే సాగితే ఉంటుందమ్మా. టైము పడుతుంది గానీ నడుస్తాడు."

అది నేల మీద కూలబడి, ఆ కాలి మీదే తల పెట్టుకుని భోరుమంది. బాగా నొప్పి పుట్టింది. కదలకుండా కూర్చున్నాను.