బదులు ఊపిరి

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు పక్కన ఒక మిరపకాయల గోదాము ఉంది. అందులో నలభైమంది ఆడవాళ్ళు ముచ్చికలు, అదే తొడిమలు, తీస్తారు. ఎండుకాయను ఎడంచేత్తో పట్టుకోవడం, కుడిచేత్తో ముచ్చిక తుంచెయ్యడం, కాయను బుట్టలో పడెయ్యడం. చెప్పడానికి ఇంతే. చెయ్యమంటే మాత్రం మీరూ నేనూ పావుగంటకే తుమ్ముకుంటూ రోడ్డెక్కుతాం. ఆ ఘాటుకి వాళ్ళు చీరల మీద మొగుళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, తలకీ మొహానికీ తుండుగుడ్డ చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టుకుని కూర్చుంటారు. అలా కూర్చున్నాక ఎవరు ఎవరో పోల్చుకోవడం వాళ్ళ మొగుళ్ళ తరం కూడా కాదు.

వాళ్ళకి మేస్త్రి రహిమున్నీసా. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, దగ్గు ఆ రెంటికంటే పెద్దది. ఏమిటా దగ్గు అని ఎవరైనా అడిగితే "పోపు ఘాటులే" అనేది. పొయ్యికి ఆమడ దూరంలో ఉన్నా పోపు ఘాటే!

ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఒకరికి ఒంట్లో బాగోకపోతే, పక్కవాళ్ళు తమ బుట్టతో పాటు ఆమె బుట్ట కూడా నింపుతారు. దాన్ని వాళ్ళు బదులు చెయ్యడం అంటారు. యాస్మిన్ పురిటికి వెళ్ళినప్పుడు మూడు వారాలు బదులు చేశారు. ఎవరూ అడగరు, ఎవరూ దెప్పరు. సాయంత్రానికి నలభై బుట్టలూ నిండాలి, నిండుతాయి. ఇంత చక్కటి పద్ధతి 2002 వేసవిలో రహిమున్నీసా కూతురి కొంప ముంచినంత పని చేసింది.

కూతురు నజ్మీన్ మెడికల్ కాలేజీలో రెండో సంవత్సరం. ఆ ఏడు దానికి ఢిల్లీ నుంచి ఫెలోషిప్పు వచ్చింది. డాక్టరు చదివే పిల్లలకి పరిశోధన అలవాటు చెయ్యడానికి ప్రభుత్వం ఇచ్చేది. రెండు నెలలు ఒక ప్రొఫెసరు కింద పనిచేసి, చివర్లో రిపోర్టు పంపాలి. అది ఢిల్లీ వాళ్ళు ఒప్పుకుంటేనే సర్టిఫికెట్టు. కాలేజీ మొత్తానికి ఇద్దరికే వచ్చిందట. ఆ మాట విన్నాక రహిమున్నీసా కాళ్ళు నేల మీద ఆనలేదు. వీధి వీధంతా తిరిగి చెప్పింది.

"స్కాలర్‌షిప్పా వదినా?" అని అడిగింది ముఠాలోని సంతోషకుమారి.

"కాదే, ఫెలోషిప్పు. దానికంటే పెద్దది."

ఏ విధంగా పెద్దదో రహిమున్నీసాకీ తెలియదు. పెద్దదే అయ్యుంటుంది, లేకపోతే తన కూతురికెందుకు ఇస్తారు?

నజ్మీన్ పరిశోధనకి ఎంచుకున్నది ఆ గోదామునే. మిరపకాయ దుమ్ములో పనిచేసే ఆడవాళ్ళ ఊపిరి ఎంత బలంగా ఉందో కొలవడం. చేతిలో ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని మీద అంకెలు, ఒక ఎర్రముల్లు. గట్టిగా ఊదితే ముల్లు ముందుకి పోతుంది. మే ఆరో తారీకు సోమవారం పొద్దున్నే గోదాము స్తంభానికి టేపు అంటించి, స్టూలు వేసుకుని కూర్చుంది. పొడుగు కొలవడం, మూడుసార్లు ఊదించడం, రాసుకోవడం. పొడుగుని బట్టి ఎంత ఊదాలో లెక్క ఉంటుందట. రెండు వారాలయ్యాక మళ్ళీ ఒకసారి అన్నీ కొలవాలట.

వెంకటరావమ్మ ఊదింది. ముల్లు రెండొందల దగ్గరే ఆగిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అందులో ముప్పై ఏళ్ళు మిరపకాయల్లోనే గడిచాయి. తర్వాత ఊదినవాళ్ళు రెండొందల ఇరవై, నూట తొంభై. నంబరు రాసిన ప్రతిసారీ నజ్మీన్ మొహం వాడిపోతోంది. కూతురి మొహాన్ని పసితనం నుంచీ చదువుతున్న రహిమున్నీసాకి అది తెలియకుండా ఎలా ఉంటుంది?

"తక్కువొచ్చిందా తల్లీ?"

"చాలా తక్కువమ్మా," అంది నజ్మీన్ తలెత్తకుండా. "నువ్వూ రా, నీది ఏడో నంబరు."

"నాకు పనుందిలే, తర్వాత చూద్దాం," అని రహిమున్నీసా కాటా దగ్గరికి పోయింది. అక్కడికి వెళ్ళాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గుకుంది.

నజ్మీన్ వెళ్ళిపోయాక ముఠా అంతా వేపచెట్టు కింద అన్నం క్యారియర్లు విప్పి కూర్చుంది.

"పిల్ల మొహం చూశారా? మనం ఊదింది చాల్లేదు," అంది రహిమున్నీసా. "మనకి తక్కువొస్తే దానికి మార్కులెక్కడ వేస్తారు? ఢిల్లీ వాళ్ళు ఫెయిల్ చేసి పారేస్తారు."

"అయ్యో, నా రెండొందలే దాని నెత్తిన కూర్చుందా ఏంటి?" వెంకటరావమ్మ ముద్ద చేతిలోనే ఆపేసింది. "దాన్ని నా ఈ చేతుల్తో ఎత్తుకున్నానే!"

సంతోషకుమారి ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అంది. "మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఇరవయ్యో తారీకు."

"అయితే బదులు చేద్దాం."

సంతోషకుమారి అంటే మనిషి కాదు, మైకు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరు గారు మైకు పక్కన పెట్టేస్తారు. ఇరవయ్యో తారీకున ఆమె తొమ్మిదిమందికి బదులు ఊదింది. యాస్మిన్ అయిదుగురికి ఊదింది. ఎలా పట్టుకుంటుంది నజ్మీన్? అందరివీ మగ చొక్కాలే, అందరికీ తుండుగుడ్డలే. నంబరు పిలవగానే ఒక ఆకారం వచ్చి, గోడవైపు తిరిగి, గుడ్డ కిందికి లాగి ఊది పోతోంది. నజ్మీన్ చూపంతా ఎర్రముల్లు మీదే. నాలుగొందల అరవై! నాలుగొందల డెబ్భై! పిల్ల మొహం వెలిగిపోయింది. "అదేంటమ్మా, ఈసారి ఇంత బాగా ఊదుతున్నారు!" అంది. రహిమున్నీసాకి కడుపు నిండిపోయింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజు టేపు దగ్గర నిలబడి పొడుగు చదివి చెప్పింది రహిమున్నీసానే. ఇరవై ఏళ్ళుగా కాటా దగ్గర నిలబడ్డ మనిషి. ఊదడంలో మోసం చేయించగలిగింది గానీ, కొలత తప్పు చదవడం మాత్రం ఆమె నోటికి రాలేదు. టేపు మీద ఎంత ఉంటే అంత, పొల్లు పోకుండా చెప్పింది. మొదటి రోజు కాగితాలు ప్రొఫెసరు దగ్గరున్నాయి కాబట్టి నజ్మీన్ పోల్చి చూసుకోలేదు.

అది జరిగిన మూడో రోజు సాయంత్రం నజ్మీన్ ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గోడకి చేరగిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమైందే?"

"వెంకటరావమ్మత్త మే ఆరున నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఇరవైన అయిదడుగుల అయిదు. 'ఆ గోదాములో ఆడవాళ్ళు రెండు వారాల్లో ఎనిమిదంగుళాలు పెరుగుతున్నారా?' అని అడిగారు మా ప్రొఫెసరు ప్రేమ్‌చంద్ సార్. తొమ్మిదిమందికీ ఒకటే పొడుగంట, ఒకటే ఊపిరంట. నేను ఇంట్లో కూర్చుని నంబర్లు వేసేశాననుకుంటున్నారమ్మా. సోమవారం ఢిల్లీకి రాసేస్తారట, ఫెలోషిప్పు రద్దు చెయ్యమని. దొంగ లెక్కలు రాసిందని నా పేరు పక్కన పడితే ఇంక నన్నెవరు నమ్ముతారు?"

రహిమున్నీసా కూతురి పక్కన చతికిలబడింది. చెప్పింది. వేపచెట్టు కింద ఏం మాట్లాడుకున్నారో, ఎవరికి ఎవరు ఊదారో, అంతా చెప్పింది. చెబుతుంటే కూతురి మొహంలో ఏడుపు పోయి కోపం వచ్చింది. కోపమే నయమనిపించింది తల్లికి.

"ఎవరు చెయ్యమన్నారమ్మా నిన్ను?"

"నీకోసమేనే..."

"నాకోసమా! ఈ సబ్జెక్టు నేనెందుకు తీసుకున్నానో తెలుసా నీకు? తెల్లవారుజామున నువ్వు వంటింట్లోకి వెళ్ళి, తలుపేసుకుని, నాకు వినపడకూడదని చీర నోట్లో కుక్కుకుని దగ్గుతావు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. దాని సంగతేంటో తేల్చాలనే కదా ఈ గొట్టం పట్టుకున్నాను! నలభైమంది చేత ఊదించాను, నీ ఒక్కదాని చేతే ఊదించలేకపోయాను."

పోపు ఘాటని మళ్ళీ అనడానికి రహిమున్నీసాకి మొహం చెల్లలేదు. లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకొచ్చింది. నజ్మీన్ తినలేదు. తల్లి కలిపి నోటి దగ్గర పెడితే, ఏడుస్తూనే తింది.

మర్నాడు ప్రొఫెసరు గారి గది ముందు ముగ్గురు నిలబడ్డారు, రహిమున్నీసా, సంతోషకుమారి, వెంకటరావమ్మ. సాక్ష్యానికి చొక్కాలూ తుండుగుడ్డలూ సంచిలో వేసుకొచ్చారు. వాళ్ళ వెనక నజ్మీన్, సిగ్గుతో చచ్చిపోతూ.

"తప్పు మాది సార్," అంది రహిమున్నీసా. "పిల్లకేం తెలీదు. మాలో ఎవరికి చేతకాకపోయినా ఇంకొకరు బదులు చేస్తాం. ఊపిరి కూడా అలాగే అనుకున్నాం."

ప్రేమ్‌చంద్ గారు నమ్మినట్టు కనిపించలేదు. గొట్టం తీసి సంతోషకుమారి చేతికిచ్చారు. ఆమె దేవుణ్ణి తలుచుకుని ఊదింది. నాలుగొందల డెబ్భై. ఇంకోసారి ఊదింది. నాలుగొందల డెబ్భై. ఆయన కాగితంలోని తొమ్మిది వరసల వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశారు. ఆపుకుందామనుకున్నారు గానీ నవ్వొచ్చేసింది.

నవ్వయ్యాక, నజ్మీన్ వైపు తిరిగి "నిన్ను అనుమానించాను, తప్పయిందమ్మా," అన్నారు. తర్వాత ముగ్గురికీ కుర్చీలు వేయించి కూర్చోబెట్టారు. "చూడండమ్మా, మీకు తక్కువ వస్తే ఈ అమ్మాయి ఫెయిలవదు. తక్కువ వచ్చిందని కనుక్కోవడమే ఈ అమ్మాయి పని. మీరు దాచింది మార్కులు కాదు, జబ్బు. అది కాగితం మీదకి రాకపోతే మీకు మందెవరు ఇస్తారు?"

వెంకటరావమ్మ భయంభయంగా అడిగింది. "రోగిష్టి వాళ్ళమని తెలిస్తే షావుకారు పనిలోంచి తీసేయడా బాబూ?"

"కాగితం మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. అయినా బలవంతం లేదు, ఇష్టమున్నవాళ్ళే ఊదండి. కానీ ఇష్టమున్నవాళ్ళు పది మంది కూడా లేకపోతే రిపోర్టు లేదు." ఆయన నజ్మీన్ వైపు తిరిగారు. "జరిగిందంతా రిపోర్టులో రాయి. నిజం రాస్తే నేను సంతకం పెడతాను. అవునూ, ఈ ఏడో నంబరు రెండుసార్లూ ఖాళీగా ఉందేం?"

రహిమున్నీసా సంచిని ఒళ్ళో సర్దుకుంది.

సోమవారం నజ్మీన్ మళ్ళీ స్తంభానికి టేపు అంటించి కూర్చుంది. నలభైమందీ బుట్టల ముందే ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. నంబర్లే ఉంటాయని ప్రొఫెసరు గారు చెప్పిన మాట వెంకటరావమ్మ అందరికీ చెప్పింది, సంతోషకుమారి ఒట్టేసి చెప్పింది. అయినా షావుకారు గది తలుపు తెరిచే ఉంది. ఎవరి భయం వాళ్ళది. నజ్మీన్ "ఒకటో నంబరు" అని పిలిచింది. కదలిక లేదు. ఇంకోసారి పిలిచింది.

రహిమున్నీసా లేచింది. తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకుంది. మొగుడి చొక్కా గుండీలు విప్పింది. స్తంభానికి ఆనుకుని తిన్నగా నిలబడి, అందరూ చూస్తుండగా షావుకారు గదివైపే మొహం పెట్టి, గొట్టం నోట్లో పెట్టుకుంది.

ఊదింది. ఉన్న బలమంతా పెట్టి ఊదింది. దగ్గు తెర వచ్చి మనిషిని వంచేసింది. చీర నోట్లో కుక్కుకోలేదు, గోదామంతా వినబడేలా దగ్గింది. తగ్గాక మళ్ళీ ఊదింది. మూడోసారీ ఊదింది. తర్వాత ముల్లు ఎక్కడ ఆగిందో తనే చూసింది.

నజ్మీన్ కూడా చూసింది. పెన్ను కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు. పుట్టినప్పటి నుంచీ తనని పేరు పెట్టి పిలుస్తున్న ఊపిరి అది. అది ఇంతేనా! కళ్ళ నిండా నీళ్ళు తిరిగి, గీతలు అలికేసినట్టయ్యాయి.

"రాయవే," అంది తల్లి మెల్లగా.

"నావల్ల కాదమ్మా."

రహిమున్నీసా కూతురి చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఆమెకి చదువు రాదు గానీ అంకెలొచ్చు. ఇరవై ఏళ్ళుగా బస్తాల మీద సుద్దతో నంబర్లు వేస్తున్న చెయ్యి. ఏడో వరసలో, పక్క గడుల్లోకి కూడా పోయేంత పెద్దగా, బస్తా మీద వేసినట్టే వేసింది, 150. టేపు మీద కొలత చదివినప్పటిలాగే, పొల్లు పోకుండా.

పెన్ను తిరిగి కూతురి చేతిలో పెట్టి ముఠా వైపు తిరిగింది. "ఏమే, ఇంకా కూర్చున్నారేం? లేవండి! ఎవరి ఊపిరి వాళ్ళే ఊదండి, బదుల్లేదు ఇవ్వాళ."

ఎనిమిదో నంబరు వెంకటరావమ్మ ముందు లేచింది. తుండుగుడ్డ విప్పుకుంటూ వచ్చి నిలబడింది. ఆమె వెనక యాస్మిన్, ఆ వెనక మిగతావాళ్ళు, మొహాలన్నీ బయటపెట్టుకుని. నజ్మీన్ చున్నీతో కళ్ళు తుడుచుకుని, తల్లి రాసిన వరస కింద స్కేలు పెట్టి గీత గీసింది.

"ఎనిమిది," అని పిలిచింది.