అత్తాకోడళ్ల మధ్య వెనకద్దం

వీధిలో అందరూ ఆమెను మొక్కలక్క అంటారు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో మొక్కలు పెంచి, కుండీలతో సహా ఇళ్లకూ ఆఫీసులకూ చేర్చడం ఆమె పని. ఆ పనికి ఆమెకు కుడిభుజం ఒక పాత పికప్ బండి. పెళ్లికి ముందే కొన్నది. అందుకే కాబోలు అత్తగారు దాన్ని ఎప్పుడూ "మీ పుట్టింటి బండి" అనే అంటుంది. క్లినిక్కుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం "మన బండి" అవుతుంది.

ఆ బండి క్యాబిన్ వెనకద్దం పగిలింది. పగలగొట్టింది అత్తగారి ఒక్కగానొక్క కొడుకు.

అతనికి ఫొటో స్టూడియో ఉంది. మనుషుల్ని కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం పైకి, భుజం కొంచెం కిందికి" అంటూ సర్దడంలో అతని తర్వాతే ఎవరైనా. కుండీలను సర్దడం మాత్రం వేరే విద్య. భార్యకు ఒళ్లు వెచ్చబడిందని ఒకరోజు తానే బండి తీశాడు. మనిషెత్తు పామ్ మొక్కను తాడు కట్టకుండా వెనక తొట్టిలో నిలబెట్టుకుని బయల్దేరాడు. మలుపులో కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. బండి ఆగింది గానీ కుండీ ఆగలేదు. అద్దం భళ్లున పగిలి, కలకండ పలుకుల్లా సీటంతా రాలింది. కొన్ని అతని కాలర్లోకి కూడా దూరాయి. అదృష్టం బాగుండి ఒంటి మీద గీత పడలేదు.

"గుండ్రటి కుండీ దొర్లక ఏం చేస్తుంది? చదరం కుండీ కొనుంటే ఈ గొడవే లేకపోను," అని అత్తగారు తీర్పు చెప్పేసింది. మొక్కలక్క తాడు మాట ఎత్తబోయింది. "కుక్కను తప్పించాడు. ముందు అది చూడమ్మాయ్," అని రెండో తీర్పు వచ్చింది. కొడుకును వెనకేసుకురావడంలో ఆవిడకు అలుపూ లేదు, ఆయాసమూ లేదు.

మెకానిక్కును అడిగితే "రేపు చేద్దాం" అన్నాడు. మర్నాడు అడిగితే మళ్లీ రేపే. ఈలోగా వాన కురిసి సీటు స్పాంజిలా నీళ్లు తాగింది. మొక్కలక్కకు ఒళ్లు మండింది. నేరుగా పాత బళ్లు విప్పి అమ్మే షెడ్డుకు వెళ్లి, అలాంటి బండిదే అద్దం ఒకటి వెతికి పట్టుకుంది. కొత్త రబ్బరూ కొంది. ఎలా బిగించాలో షెడ్డు యజమానే చెప్పాడు.

"ముందు రబ్బరు అద్దానికి తొడగాలక్కా. రబ్బరు బయటి అంచుకి ఇంకో గాడి ఉంది చూశావా, అందులో ఈ నైలాన్ తాడు చుట్టూ దూర్చి, కొసలు రెండూ క్యాబిన్లోకి వదలాలి. సబ్బునీళ్లు బాగా పట్టించు. బయట ఒకరు అద్దాన్ని నొక్కుతుంటే లోపల ఒకరు తాడు లాగుతూ పోవాలి. రబ్బరు పెదవి రేకు మీదకెక్కి కూర్చుంటుంది. ఇద్దరికీ మాట కలవాలి, అంతే."

సెలవురోజు పొద్దున్నే ఆమె పని మొదలుపెట్టింది. ఎండిపోయిన పాత రబ్బరును కత్తితో కోసి పీకింది. సీటు వెనకా కిందా నక్కిన గాజు పలుకులను ఊడ్చింది. రేకు అంచు మీద తుప్పును గరుకు కాగితంతో రుద్ది, దానికింత రంగు పూసింది. మొగుడు ఎవరో పాప ఫొటోలు తీయడానికి వెళ్లాడు, భోజనం వేళకు వస్తానన్నాడు. రంగు ఆరేసరికి మబ్బు కమ్ముకొచ్చింది.

కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ, ఈ పనికి ఇద్దరు కావాలన్న సంగతి కోడలి నోట విన్న అత్తగారు అంది, "అయితే లోపల కూర్చోడానికి మనిషి కావాలంటావు."

"అవునత్తయ్యా. ఆయన వచ్చేదాకా ఆగుతాను."

"వాడొచ్చి ఏం చేస్తాడు? వాడి చేతికి గాజు గుచ్చుకుంటే రేపు కెమెరా ఎవరు పట్టుకుంటారు? జరుగు."

ఆవిడ గ్లాసు గోడ మీద పెట్టి, కొంగు బొడ్లో దోపి, తలుపు పట్టుకుని క్యాబిన్లోకి ఎక్కింది. సీటు మీద తువ్వాలు పరుచుకుని, వెనక్కి తిరిగి కూర్చుని, కళ్లజోడు సర్దుకుంది.

మొక్కలక్క తొట్టిలోకి ఎక్కి, తాడు దూర్చిన అద్దాన్ని ఖాళీకి ఆనించింది. తాడు కొసలు అత్తగారి ఒళ్లో పడ్డాయి.

"నేను చెప్పాక లాగండి."

"లాగమన్నావా?"

"లేదు, చెప్పాక..."

లోపల సర్రున చప్పుడైంది. చూస్తే అత్తగారి చేతిలో తాడు మొత్తం ఉంది. అద్దం మాత్రం ఉన్నచోటే ఉంది, రబ్బరు కూడా అక్కడే ఉంది.

"తాడు వచ్చేసిందమ్మాయ్."

"అద్దం ఎక్కిందా?"

"అదంతా నాకేం తెలుసు? తాడు లాగమన్నావు, లాగాను."

మొక్కలక్క పళ్లు కొరుక్కుంటూ అద్దాన్ని దింపి, మళ్లీ గాడి పొడవునా తాడు దూర్చింది. గోళ్లు నొప్పి పుట్టాయి. అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ, "అంత ఇరుకులో పొడిగా ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది? బిగుతు గాజు చేతికెక్కాలంటే సబ్బు రాయమూ? ఇదీ గాజే కదా," అంది.

షెడ్డులో చెప్పిన సబ్బునీళ్ల సంగతి అప్పుడు గుర్తొచ్చింది మొక్కలక్కకు. మరిచిపోయానని ఒప్పుకోవడం ఇష్టంలేక, "అదే అనుకుంటున్నాను," అని లోపలికెళ్లి గిన్నెడు సబ్బునీళ్లు తెచ్చింది. అత్తగారు కళ్లజోడు పైనుంచి ఆ గిన్నె వంక ఓసారి చూసి, వెనక్కి తిరిగి కూర్చుంది.

రెండోసారి కొంచెం తీరు కుదిరింది. కింది అంచు మధ్యలో మొదలుపెట్టారు.

"నొక్కానత్తయ్యా."

"లాగుతున్నా."

"నిదానంగా."

"ఇంతకన్నా నిదానమంటే నిద్రపోవాలి."

అయినా ఆవిడ నిజంగానే జానెడు లాగి ఆగేది. ఆ జానెడు మేరా రబ్బరు పెదవి టుప్పున రేకు మీదికి ఎక్కేది. కోడలు అరచేయి పక్కకు జరిపేది. కింది అంచు ఎక్కింది, ఎడమపక్క ఎక్కింది, కుడిపక్కా ఎక్కింది. కాసేపటికి "నొక్కాను", "లాగుతున్నా" అనే మాటలు కూడా తగ్గిపోయాయి. అద్దానికి ఇవతల చేయి ఎటు జరిగితే అవతల కళ్లజోడు అటు తిరుగుతోంది. ఇన్నేళ్లలో ఈవిడతో ఒక పని గొడవ లేకుండా ఇంతసేపు సాగడం ఇదే మొదలు కదా అని మొక్కలక్కకు అనిపించింది. దిష్టి తగులుతుందేమోనని ఆ ఆలోచన అక్కడే ఆపేసింది.

పైన ఒక్క మూల మిగిలింది. అది మొండికేసింది. సరిగ్గా అప్పుడే ఫొటోల మనిషి భుజానికి సంచితో వచ్చాడు. కాసేపు కింద నిలబడి, ఒక కన్ను మూసి చూశాడు.

"కొంచెం ఎడమకి వంగింది. ఇంకొంచెం... ఆ, అంతే. కదలకండి."

"నువ్వు ఫొటో తీయక్కర్లేదు నాన్నా," అంది లోపలినుంచి తల్లి.

అతను ఊరుకోలేదు. సంచి కింద పెట్టి, ఒక్క ఉరుకున తొట్టిలోకి ఎక్కి, "ఉండు, ఇది బలం పనోయ్," అంటూ రెండు చేతులూ అద్దానికి ఆనించి గట్టిగా ఒక్క తోపు తోశాడు. తోసింది మిగిలిన మూల దగ్గర కాదు. పైమూల కదల్లేదు సరికదా, చక్కగా కూర్చున్న కుడిపక్క రబ్బరు జానెడు మేర లేచి ఊడి వచ్చింది.

"ఒరేయ్!" అని క్యాబిన్లోంచి కేక వినిపించింది. "చేతులు తియ్యి. పొద్దున్నుంచీ ఒక్కొక్క జానా ఎక్కించుకుంటూ వస్తున్నాం ఇక్కడ. వచ్చీ రాగానే ఊడగొట్టావు. నీకు తెలీదు, దిగు. అమ్మాయ్, నువ్వు నొక్కు."

అతను చేతులు గాల్లోనే ఉంచి, "అమ్మా, నన్నేనా?" అన్నాడు.

"ఇక్కడ నువ్వు కాక ఇంకెవరున్నారు ఊడగొట్టడానికి?"

అతను దిగి, కాఫీ గ్లాసు పక్కన గోడ మీద కూర్చున్నాడు. మొక్కలక్క మొహం కనపడకుండా వంగి సబ్బునీళ్ల గిన్నె అందుకుంది. నవ్వితే నొక్కడం కుదరదు. ఊడిన చోటును స్క్రూడ్రైవర్ మొండి కొసతో మెల్లగా లోపలికి సర్దింది. తర్వాత పైమూలకు బాగా సబ్బు పట్టించి, అరచేతి కింది భాగంతో ఒత్తిపట్టింది. అత్తగారు సీటు మీద మోకాళ్లేసుకుని, తాడు చివరి జానెడును చేతికి చుట్టుకుని లాగింది. టప్పుమంది. చుట్టూ తడిమి చూస్తే ఎక్కడా సందు లేదు.

పైపుతో నీళ్లు కొట్టి పరీక్షించారు. అత్తగారు లోపలే కూర్చుంటానని పట్టుబట్టింది. "ఎక్కడైనా కారితే చెప్పాలిగా." కుడిపక్క కిందిమూలలో నుంచి ఒక బొట్టు జారి సరిగ్గా ఆవిడ చేతి మీద పడింది. ఆవిడ దాన్ని ఏదో నేరం పట్టుకున్నట్టు వేలితో చూపించింది. ఆ మూల తుడిచి గమ్ము పట్టించాక ఇంకో బొట్టు రాలేదు. వాన కూడా ఏమనుకుందో ఏమో, మబ్బు విడిపోయింది.

సాయంత్రం రెండు వీధులవతల ఉన్న ఒక ఇంటికి కుండీలు చేర్చాలి. మొక్కలక్క అన్నిటికీ తాడు కట్టింది. అయినా, పట్టుకునేవాళ్లుంటే మంచిదని మొగుడు తనంతట తానే తొట్టిలోకి ఎక్కి కుండీల మధ్య కూర్చున్నాడు. అత్తగారు తువ్వాలు దులుపుకుని ముందు సీట్లో ఎక్కింది. నేనూ వస్తాననలేదు, రమ్మని ఎవరూ పిలవనూ లేదు. తలుపు వేసుకుని, "పోనీ, మన బండి ఎలా నడుస్తుందో చూద్దాం," అంది.

మొదటి వీధి దాటాక వెనక టకటకమని అద్దం మీద కొట్టిన చప్పుడైంది. అత్తగారు వెనక్కి తిరిగింది. కొడుకు ఒక చేత్తో కుండీని కావలించుకుని, రెండో చేత్తో ఎటో చూపిస్తూ గబగబా ఏదో చెబుతున్నాడు.

"ఏమంటున్నాడు?"

"ఏమీ వినపడటం లేదత్తయ్యా."

ఆవిడ కాసేపు అద్దంలోంచి కొడుకు నోటి కదలికలను శ్రద్ధగా చూసింది. తర్వాత ముందుకు తిరిగి, సీటుకు చేరగిలబడి, కళ్లజోడు తుడుచుకుంది.

"ఎడమకి జరగమంటున్నాడేమోలే. నువ్వు పోనీ."