చెత్త అని పేరు పెట్టిన ఫోల్డరు

మా కోడలికి చేత్తో చేసిన పనంటే గిట్టదు. కుట్టుపని సంగతి కాదులెండి, మాకు అన్నం పెట్టేదే అది. నేను చెప్పేది కంప్యూటరు గురించి. మా ఎంబ్రాయిడరీ షాపు డిజైన్లన్నీ దాచే స్టోరేజీ పెట్టెలు రెండున్నాయి, షాపులో ఒకటి, ఇంట్లో ఒకటి. వాటిలో ఏ ఫోల్డర్లు ఉండాలో, ఏది ఎవరు తెరవచ్చో మూణ్ణెల్లు కూర్చుని ఒక ఫైల్లో రాసింది. ఆ ఫైలు నడిపితే అందులో రాసినవన్నీ రెండు పెట్టెల్లోనూ ఉంటాయి. రాయనివి మటుమాయం.

"చేత్తో పెట్టుకున్నవేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, రాసేస్తాను" అని అందర్నీ అడిగింది. నేను నోరు మెదపలేదు.

నా దొంగతనం నాకుంది మరి. నిరుడు మా ఆయన గొంతుకి ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీదే. ఆపరేషనుకి ముందు వారం ఆయనకి తెలియకుండా ఆయన మాటలు ఫోన్లో రికార్డు చేశాను. ప్రేమ కబుర్లనుకునేరు! అన్నీ నన్ను తిట్టినవే, పదకొండు. వాటిని షాపు పెట్టెలో వేసుకున్నాక ఆ ఫోను కాస్తా బకెట్లో పడి చచ్చింది. తన గొంతు వింటే ఆయన బాధపడతారని, ఎవరూ తెరవకుండా ఆ ఫోల్డరుకి "చెత్త" అని పేరు పెట్టాను. ఏం తెలివో నాది!

శనివారం మధ్యాహ్నం మొదటిసారి ఫైలు నడిపింది. ఆ ఫైలు మంచిదే పాపం, ఏం చేయబోతోందో ముందు చూపించి "అవును" అని కొడితేగాని కదలదు. నేనేమో కళ్ళజోడు కనబడక, సూదిలో దారం ఎక్కక విసుగుమీద ఉన్నాను. మా ఆయన మూల కూర్చుని గుండీలు ఏరుతున్నారు.

"తీసేసేవి, ఒకటి. చెత్త. కానిచ్చేయనా అత్తయ్యా?"

"ఊఁ, కానీ" అనేశాను, పళ్ళ మధ్య దారంతో. మరుక్షణం ఆ పేరు బుర్రకెక్కింది.

"ఆగవే! అందులో మీ మావయ్య ఉన్నారు!"

కోడలు కీబోర్డు మీంచి చెయ్యి తీసేసి, నా మొహం చూసి, ఫోల్డరు తెరిచింది.

"ఏమోయ్! కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావేం? బుర్ర కూడా ఎక్కడో పెట్టి మర్చిపోయావా?"

షాపంతా ఆయన గొంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన లేచొచ్చి నా పక్కన కూర్చుని పదకొండూ విన్నారు. ఒక్కోదానికీ భుజాలు కదిలేలా నవ్వారు. ఇన్నాళ్ళూ ఈ మనిషి బాధపడతారనా నేను దాచింది!

కోడలు కళ్ళు తుడుచుకుని ఆ ఫోల్డరుని ఫైల్లోకి ఎక్కించింది. ఎవరు నడిపినా దీన్ని తీసేయడానికి వీల్లేదని కింద ఇంకో వాక్యం రాసింది. మళ్ళీ నడిపితే, ఇంటి పెట్టెలో కొత్తగా చేర్చేది ఒకటి, తీసేసేవి సున్నా.

"ఈసారి 'అవును' మీరే కొట్టండి అత్తయ్యా."

తెర మీద అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. "నా కళ్ళజోడేదర్రా?" అన్నాను.

మా ఆయన పలక మీద గబగబా రాసి నా ముక్కు దగ్గర పెట్టారు. ఎంత పెద్దగా రాశారంటే జోడు లేకుండానే చదివాను.

"ఏమోయ్! ఇప్పుడూ నెత్తి మీదే ఉంది."

తీసి పెట్టుకుని, "అవును" కొట్టాను.