కట్టమ్మ సృష్టి కీర్తన

మా అమ్మ బాణీని మా చర్చి పాటల బృందానికి క్వయర్ మాస్టరైన రాజమౌళి దొంగిలించాడు. అలాంటివాణ్ణి మూడు నెలలు నోరారా 'సారు' అని పిలిచాను.

బైబిలు కథలో రాజు అగ్నిగుండంలో పడేయించిన ముగ్గురు యువకులు పాడిన సృష్టి కీర్తన అది. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ మంచునీ చేపల్నీ పేరుపేరునా పిలిచి దేవుణ్ణి స్తుతించమంటుంది. ఒకరు పిలిస్తే మిగతావాళ్లు ప్రతి పిలుపుకూ 'స్తుతించుడి' అని అందుకోవాలి. మా అమ్మ కట్టమ్మ నెక్కొండ పొలాల్లో నాట్లేసిన మనిషి. చదువు రాదు. చర్చిలో విన్న ఆ కీర్తనను నాట్ల పాట బాణీలో పాడుకునేది. మరిచిపోయిన చోట తనకు తెలిసినవి పెట్టేసేది: నారుమడి, మిరపచేను, తెల్లకొంగ.

అమ్మకు జ్వరమొస్తే ప్రార్థన చేస్తానని వరంగల్‌లో మా ఇంటికొచ్చిన రాజమౌళి, ఆమె పాడింది ఫోన్లో రికార్డు చేసుకుపోయాడు. డోర్నకల్‌లో జరిగే చర్చి పాటల పోటీ కోసం దాన్ని నాలుగు రకాల గొంతులు కలిసి పాడేలా పంచి, పాట కాగితం మీద 'సంగీతం: రాజమౌళి' అని వేసుకున్నాడు. పంచిన పనితనం అతనిదే, కాదనను. బాణీ మా అమ్మది. క్వయర్ ప్రాక్టీసులో నిలదీస్తే నవ్వాడు.

"నాట్లేసే ముసలమ్మ పేరు పెడ్తే డోర్నకల్ పోటీల ఎవలింటరు స్నేహలతా? జర సమజ్ చేసుకో."

వెనక బెంచీలో కూర్చున్న అమ్మ ఆ మాట విన్నది. ఆ రోజుతో పాడటం మానేసింది. అంట్లు తోముతూ కూడా కూనిరాగం లేదు. అది నేను క్షమించను.

పోటీకి కాగితాలు నీటుగా రాయమని నాకే ఇచ్చాడు. మహానుభావుడు ఆ కీర్తన ఉన్న ప్రార్థన పుస్తకం తెరవనేలేదు. నారుమడీ మిరపచేనూ కొంగా ఫోన్లోంచి కాగితం మీదికి అలాగే దిగిపోయాయి. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. అమ్మను బతిమాలి డోర్నకల్ రైలెక్కించాను.

మావాళ్లు అద్భుతంగా పాడారు. న్యాయనిర్ణేతగా వచ్చిన ముసలి పాస్టరు అయ్యగారు కాగితం ఎత్తి అడిగారు.

"మాస్టరూ, ఈ మిరపచేను పుస్తకంల ఏడున్నది?"

రాజమౌళి తన కాగితంలో ఆ మాట వెతకసాగాడు.

"మా అమ్మ నోట్ల ఉన్నది అయ్యగారూ," అన్నాను, చివరి వరసకూ వినబడేలా. "ఏది పుస్తకందో ఏది మా అమ్మదో ఎత్కపోయినాయనకు ఎర్కలేదు."

ఎంత హాయిగా ఉందో! అయ్యగారు అమ్మను ముందుకు పిలిపించారు. రాజమౌళి అందరి ముందూ చేతులు జోడించాడు. మన్నించమ్మా అన్నారు అయ్యగారు.

"మన్నిస్త అయ్యగారూ. గని పాట అయినంక. నేను పిలుస్త, ఈయనొక్కడే అందుకోవాలె."

అమ్మ గొంతెత్తింది. సూర్యుడు, చంద్రుడు, వాన, చేపలు, పుస్తకంలోవన్నీ అయిపోయాయి. ఆమె ఆగలేదు. పత్తిని పిలిచింది, పసుపును పిలిచింది, నెక్కొండ చెరువునూ అందులోని కప్పల్నీ పిలిచింది. ప్రతిదానికీ రాజమౌళి 'స్తుతించుడి' అనాల్సిందే. గంట గడిచింది. అతని గొంతు బొంగురుపోయింది. ఎవరో నీళ్లు అందించబోతే అమ్మ కళ్లతోనే ఆపింది.

"ఇగ చాలు కట్టమ్మా," అన్నారు అయ్యగారు.

"గట్లెట్ల అయ్యగారూ? ఏటూరునాగారం అడివి మొత్తం ఉన్నది ఇంక," అని అమ్మ టేకు చెట్టుతో మొదలుపెట్టింది.